సర్కారు బండి: కొన్న ఖరీదెంత, మోసే బరువెవరిది?

రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ దగ్గర మొదలుపెట్టి పటాన్‌చెరు, ఇస్నాపూర్, సంగారెడ్డి, సదాశివపేట మీదుగా జహీరాబాద్ దాకా 65వ నంబరు జాతీయ రహదారి మీద ఏ పనిదినాన చూసినా సర్కారు బండ్లు తిరుగుతూనే ఉంటాయి. అన్నీ సర్కారు పని మీద తిరిగేవే. అయినా ఏ రెండింటి లెక్కా ఒకలా ఉండదు. అదనపు కలెక్టరు ఎక్కే కారు ప్రభుత్వం కొన్నది. తహసీల్దారు ఎక్కేది నెలకింత అని మాట్లాడుకున్న పసుపు ప్లేటు కిరాయి బండి. పోలీసు వాహనాలకు పోలీసు శాఖలోనే వేరే రవాణా విభాగం ఉంది. 108 అంబులెన్సుకు డబ్బు పెట్టేది ప్రభుత్వం, నడిపేది వేరే సంస్థ. పటాన్‌చెరు వీధుల్లో చెత్త ఎత్తే స్వచ్ఛ ఆటోకు వాయిదాలు కట్టేది దాన్ని నడిపే మనిషి. పంచాయతీ ట్రాక్టరు బ్యాంకు అప్పు మీద వచ్చింది. ఆర్టీసీ బస్సుల్లో కొన్ని సంస్థవి, కొన్ని ప్రైవేటు యజమానులవి.

ప్రభుత్వ వాహనాల ఖర్చు తగ్గించాలన్న మాటను కాదనేవాళ్లు లేరు. అధికారంలో ఉన్నవాళ్లూ అంటారు, ప్రతిపక్షమూ అంటుంది. అయితే ఏ ఖర్చు అన్నచోట దారులు చీలిపోతాయి. ఒకరు కారు ఖరీదు చూస్తారు, ఒకరు నెలవారీ కిరాయి బిల్లు చూస్తారు, ఇంకొకరు డీజిల్ చూస్తారు. ముగ్గురూ మూడు వేర్వేరు పద్దుల గురించి వాదించుకోవడం వల్ల చర్చ ఏళ్లు గడిచినా ముందుకు కదలలేదు. ఈ వ్యాసం ఆ వాదాలను ఒకచోట పెట్టి చూసే ప్రయత్నం. కొలబద్దగా సంగారెడ్డి జిల్లాను తీసుకోవడానికి కారణం ఉంది. ఒక కొసన రసాయన, మందుల ఫ్యాక్టరీలు కిక్కిరిసిన పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం. ఇంకో కొసన తండాలతో నిండిన నారాయణఖేడ్. ఇంత తేడా ఉన్న జిల్లాలో ఒకే వాహన విధానం పనిచేస్తుందా అన్నది ఇక్కడ తేలికగా బయటపడుతుంది.

ఇక్కడిదాకా వచ్చిన దారి

ఈ నేలలో ప్రభుత్వం బండి నడపడం కొత్త కాదు. 1932లో నిజాం ప్రభుత్వం రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖను పెట్టి 27 బస్సులు తిప్పింది. ఇవాళ్టి ఆర్టీసీకి మూలం అదే. షెడ్డు, మెకానిక్కు, విడిభాగాల స్టోరు, డ్రైవరు అన్నీ ఒకే కప్పు కింద ఉండటం ఆ పద్ధతి. స్వాతంత్ర్యం తర్వాత జిల్లా కార్యాలయాల్లోనూ జీపులు, అంబాసిడర్లు, జీతం మీద పనిచేసే డ్రైవర్లు ఉండేవాళ్లు. కారు మోడలు ఒక్కటే కావడం వల్ల ఏ ఊరి మెకానిక్కయినా బాగుచేయగలిగేవాడు. ఆ సౌకర్యాన్ని మనం తగినంతగా గుర్తుంచుకోలేదు. అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. అంతకు చాలా ముందే ఆ పద్ధతి కూడా మెల్లగా వెనక్కు తగ్గింది. డ్రైవరు పోస్టు ఖాళీ అయితే నింపలేదు, బండి కండెమ్ అయితే కొత్తది ఇవ్వలేదు, ఆ స్థానంలో కిరాయి బండి వచ్చింది.

2014 తర్వాత తెలంగాణలో గాలి మళ్లీ కొనుగోళ్ల వైపు తిరిగింది. ఆ ఏడాదే హైదరాబాద్ పోలీసులకు కొత్త ఇన్నోవాలు వందల సంఖ్యలో వచ్చాయి. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి, 2019లో ముప్పై మూడు. పాత మెదక్ జిల్లా సంగారెడ్డి, మెదక్, సిద్దిపేటగా విడిపోయింది. ఒక కలెక్టరేటు మూడు కావడమంటే ఒక వ్యవసాయాధికారి స్థానంలో ముగ్గురు, ఒక వైద్యాధికారి స్థానంలో ముగ్గురు, ప్రతి ఒక్కరికీ ఒక బండి. అధికారి తిరగాల్సిన దూరం మాత్రం తగ్గింది. బండ్ల సంఖ్య పెరిగి, ఒక్కో బండి తిరుగుడు తగ్గిన ఈ మార్పు మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

చర్చంతా ఖరీదైన కార్ల చుట్టూ తిరిగింది. 2021 జూన్‌లో జిల్లాల అదనపు కలెక్టర్లకు 32 కియా కార్నివాల్ బండ్లు ఇచ్చినప్పుడు, కరోనా కాలంలో ఒక్కోటి పాతిక లక్షల పైబడిన కార్లేమిటని ప్రతిపక్షాలు నిలదీశాయి. గ్రామాల్లో తనిఖీలు చేసే అధికారికి మంచి బండి అవసరమని ప్రభుత్వం వైపు నుంచి సమర్థన వచ్చింది. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, గత ప్రభుత్వం 22 ల్యాండ్ క్రూజర్లు కొని విజయవాడలో ఉంచిందని, ఒక్కోటి మూడు కోట్లని చెప్పినప్పుడు అదే చర్చ ఇంకా వేడెక్కింది. ఇలాంటి కార్ల మీద జనానికి కోపం రావడం సహజం, న్యాయం కూడా. కానీ ఖర్చు లెక్కలో వాటి బరువు, రాష్ట్రమంతటా రోజూ తిరిగే వేల మామూలు బండ్ల బరువుతో పోలిస్తే చిన్నది. కంటికి కనిపించే కారు మీద పడ్డ చూపు, కంటికి కనిపించని కిరాయి బిల్లు మీద పడలేదు.

సొంత బండి కావాలనేవాళ్లు

మొదటి వర్గం ప్రభుత్వమే కొని, ప్రభుత్వమే నడపాలంటుంది. అర్ధరాత్రి పిలుపు వస్తే వెళ్లాల్సిన శాఖలకు బండి, డ్రైవరు రెండూ చేతిలో ఉండాలన్నది వీళ్ల బలమైన మాట. పటాన్‌చెరు ప్రాంతంలో ఆ మాటను తోసిపుచ్చలేం. రాత్రిపూట వ్యర్థజలాలు వదులుతున్నారని, ఘాటు వాసన వస్తోందని ఫిర్యాదు వస్తే కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు అప్పుడే కదలాలి. నక్కవాగు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో 1990లో మొదలైన కేసు నుంచి ఈ ప్రాంతానికి ఉన్న అనుభవం ఒకటే. తెల్లారాక వెళ్తే నమూనా దొరకదు. నెలకు ఇన్ని కిలోమీటర్లు, రోజుకు ఇన్ని గంటలు అని ఒప్పందం రాసుకున్న కిరాయి బండి ఆ పనికి ఒదగదు.

ఈ వాదానికి రెండో వైపు డ్రైవరు జీతం. రెగ్యులర్ డ్రైవరుకు జీతం, కరువు భత్యం, సెలవులు అన్నీ ఉంటాయి. బండి నెలకు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగినా, నాలుగు వేలు తిరిగినా ఆ ఖర్చు మారదు. దాంతోపాటు మూలనపడ్డ బండి సంగతి. స్టెపినీ లేక, బ్యాటరీ లేక, మరమ్మతుకు మంజూరు రాక కార్యాలయం వెనక చెట్టుకింద నిలిచిపోయే వాహనం ఏ జిల్లాకూ కొత్త దృశ్యం కాదు. మోటారు వాహన తనిఖీ అధికారి విలువ కట్టి, కండెమ్ చేసి, వేలం వేసేసరికి దాని విలువలో సగం తుప్పు తినేస్తుంది.

కిరాయి బండి: చవకైనది ఎవరికి?

రెండో వర్గం కిరాయే మేలంటుంది. కొనుగోలు పెట్టుబడి లేదు, డ్రైవరు పోస్టు లేదు, మరమ్మతు తలనొప్పి లేదు. బండి ఆగితే ఇంకో బండి పంపాల్సిన బాధ్యత యజమానిది. ఆర్థిక శాఖలకు నచ్చిన పద్ధతి ఇదే. కేంద్ర ప్రభుత్వం కూడా 2014 అక్టోబరు పొదుపు ఉత్తర్వుల్లో, కండెమ్ అయిన బండి స్థానంలో తప్ప కొత్త వాహనాల కొనుగోలును ఆపేసింది. కొనుగోలు ఆగితే పని ఆగదు కాబట్టి భారం కిరాయి పద్దు మీదకు మళ్లుతుంది.

ఈ చవకదనాన్ని కొంచెం నిలబెట్టి చూడాలి. తెలంగాణలో మండల స్థాయి అధికారుల కిరాయి బండికి ఇంధనం, డ్రైవరుతో కలిపి నెలకు 33 వేల రూపాయల రేటు నడిచింది. బండి నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగుతుందనీ, లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనీ అనుకుందాం. 133 లీటర్ల డీజిల్, హైదరాబాద్‌లో 2024 మార్చి తర్వాతి ధర 95.65 రూపాయల చొప్పున దాదాపు 12,750. మిగిలింది 20,250. ఎనిమిది లక్షల అప్పు తీసుకుని పది శాతం వడ్డీతో అయిదేళ్ల వాయిదాల మీద కారు కొన్నవాడు నెలకు 17 వేలు కట్టాలి. ఇక మిగిలేది 3,250 రూపాయలు. ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగ్, ఫిట్‌నెస్, పన్ను అన్నీ అందులోంచే పోవాలి. డ్రైవరు జీతానికి అందులో చోటే లేదు. అదే రాష్ట్ర ప్రభుత్వం 2021లో వేతన సవరణ తర్వాత అవుట్‌సోర్సింగ్ డ్రైవర్లకు నెలకు 19,500 నిర్ణయించింది.

అంటే యజమానే డ్రైవరై, తన కూలి తనకు రాకుండా బండి నడిపితేనే ఆ రేటు గిట్టుబాటు అవుతుంది. లేదంటే ఒప్పందంలో రాసినంత దూరం బండి తిరగకూడదు. లేదంటే ఇంకేదో జరగాలి. ఆ ఇంకేదో గురించి పత్రికల జిల్లా పేజీల్లో ఏళ్లుగా చదువుతూనే ఉన్నాం: అధికారి సొంత కారే బంధువు పేరు మీద కిరాయి బండి కావడం, తెల్ల ప్లేటు బండికి ట్యాక్సీ బిల్లు పెట్టడం, తిరగని కిలోమీటర్లు లాగ్‌బుక్‌లో తిరిగినట్టు రాయడం. ఇది మనుషుల తప్పే, కాదనడం లేదు. కానీ నిజాయితీగా నడిపేవాడికి గిట్టని రేటు పెట్టాక, ఆ పనికి ముందుకొచ్చేవాడు ఎవరై ఉంటాడో కూడా రేటు పెట్టినవాళ్లే ఆలోచించాలి.

దీనికి తోడు బకాయిలు. బిల్లు ట్రెజరీకి వెళ్లి టోకెన్ పడ్డాక కూడా నెలల తరబడి డబ్బు రాకపోవడం కిరాయి బండ్ల యజమానులు పదేపదే రోడ్డెక్కడానికి కారణం. బ్యాంకు వాయిదా మాత్రం ఐదో తారీఖుకే పడుతుంది. వాళ్లలో చాలామంది స్వయం ఉపాధి పథకాల కింద, 2021లో మొదలైన దళితబంధు కింద కారు తీసుకున్నవాళ్లు. ఒక చేత్తో కారు ఇప్పించిన ప్రభుత్వం ఇంకో చేత్తో కిరాయి ఆపితే, ఆదా అయినట్టు బడ్జెట్ కాగితం మీద కనిపిస్తుంది. ఆ ఆదా ఒక కుటుంబం వడ్డీ కట్టి ఇచ్చిన చేబదులు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఇంకో కోణం చూపిస్తుంది. ఇంటింటికి రేషన్ కోసం 2021 జనవరిలో 539 కోట్ల రూపాయలతో 9,260 బండ్లు రోడ్డు మీదకు వచ్చాయి. లబ్ధిదారుడే డ్రైవరు, ప్రభుత్వమే నెలవారీ చెల్లింపుదారు. ప్రభుత్వం మారాక 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతి ఆగిపోయింది. పథకం మంచిచెడ్డల మీద వాదనలు ఎన్నయినా ఉండొచ్చు. ఖర్చు దృష్టితో చూస్తే పాఠం ఒకటుంది. ఒకే పనికి తయారు చేయించిన బండి, ఆ పని ఆగిన రోజున ఇంకెందుకూ సులువుగా పనికిరాదు. వాహనం జీవితకాలం కంటే విధానం జీవితకాలం తక్కువైనచోట కొనుగోలు అయినా కిరాయి అయినా నష్టమే.

పంచాయతీకి ఒక ట్రాక్టరు

ఇదే ప్రశ్న పల్లెలో ఇంకో రూపంలో ఉంది. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంలో తెలంగాణలోని 12,769 గ్రామ పంచాయతీలకూ ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు ఉండాలన్నది ప్రభుత్వ నిర్ణయం. చెత్త ఎత్తడం, మొక్కలకు నీళ్లు పోయడం పల్లెల రూపు మార్చిన మాట నిజం. తెలుగు రాష్ట్రాల్లో ఇంత పెద్ద ఎత్తున, ఇంత చిన్న సంస్థల చేతికి వాహనాలు చేరిన సందర్భం ఇంకోటి గుర్తు చేసుకోవడం కష్టం.

కానీ ఫ్యాక్టరీల ఆస్తిపన్ను వచ్చే పెద్ద ఊరికీ, నారాయణఖేడ్ దగ్గర కొత్తగా పంచాయతీ అయిన తండాకూ ఒకే ట్రాక్టరు, ఒకే రకం వాయిదా. మొదటి ఊళ్లో చెత్త రోజుకు నాలుగు ట్రిప్పులు ఉంటుంది, ఒక ట్రాక్టరు చాలదు. రెండో ఊళ్లో వారానికి రెండు రోజుల పని, మిగతా రోజులు ట్రాక్టరు నీడన ఉంటుంది, వాయిదా మాత్రం ఆగదు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి, 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల పాలన నడిచినప్పుడు కేంద్రం నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. డీజిల్‌కు పంచాయతీ కార్యదర్శులు చేతి డబ్బు పెట్టుకున్న వార్తలు ఆ రోజుల్లో తరచూ వచ్చాయి. జిల్లాలోనే జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. బండి తయారయ్యే చోటుకు కొన్ని మైళ్ల దూరంలో బండికి నూనె పోయలేని పంచాయతీ ఉండటం, కొనడానికీ నడపడానికీ మధ్య ఎంత దూరం ఉందో చెబుతుంది.

రెండు మూడు చిన్న పంచాయతీలు కలిసి ఒక ట్రాక్టరు పెట్టుకుని ఉంటే? అలా కలిస్తే ఎవరి ఊరికి ముందు అన్న తగాదా వస్తుందని, ప్రతి ఊరికీ తనదంటూ ఒకటి ఉండాలని అనుకూలురు అంటారు. తగాదా వస్తుంది, నిజమే. చెరువు తూము దగ్గర నీళ్లకు వంతులు వేసుకున్న ఊళ్లకు ట్రాక్టరుకు వంతు వేసుకోవడం చేతకాదని మాత్రం అనుకోనక్కర్లేదు.

ఉమ్మడి షెడ్డు వాదం

మూడో వర్గం కొనుగోలా, కిరాయా అన్న ప్రశ్ననే పక్కన పెడుతుంది. బండి అధికారిదిగా ఉన్నంతకాలం ఖర్చు తగ్గదు, బండి పనిదిగా ఉండాలన్నది వీళ్ల మాట. ఒక జిల్లాలోని వాహనాలన్నీ ఒక ఉమ్మడి షెడ్డు కిందికి తెచ్చి, అడిగిన శాఖకు అడిగిన రోజున పంపి, తిరిగిన దూరానికి ఆ శాఖ పద్దులోంచి తీసుకోవాలి.

ప్రపంచంలో దీనికి పెద్ద ఉదాహరణ అమెరికా. అక్కడ జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ అనే సంస్థ రెండు లక్షలకు పైగా వాహనాలను ఫెడరల్ శాఖలకు లీజుకిస్తుంది. నెలకింత, మైలుకింత అని రెండు భాగాలుగా వసూలు చేస్తుంది. ప్రయాణికుల కారు ఏడాదికి 12,000 మైళ్లు, అంటే నెలకు దాదాపు 1,600 కిలోమీటర్లు తిరగాలన్నది వాళ్లు పెట్టుకున్న కొలత. అంత తిరగకపోతే ఆ శాఖకు ఆ బండి ఎందుకో చెప్పుకోవాలి. మనకు దగ్గర్లో తమిళనాడు ప్రభుత్వ వాహనాల మరమ్మతుకు వేరే శాఖనే నడుపుతోంది, సర్కారు వర్క్‌షాపులతో.

అంత దూరం వెళ్లనక్కర్లేదు కూడా. సంగారెడ్డి బస్సు డిపోలో ఏ బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, లీటరుకు ఎంత ఇచ్చింది, ఏ డ్రైవరు చేతిలో ఎంత ఇచ్చింది అన్నది రోజూ రాస్తారు. ఆర్టీసీకి ఉప్పల్‌లో, కరీంనగర్‌లో జోనల్ వర్క్‌షాపులున్నాయి. టైరు అరిగితే రీట్రెడ్ చేసి ఎన్ని వేల కిలోమీటర్లు లాగాలో వాళ్లకు తెలుసు. నష్టాల గురించే మాట్లాడుకునే ఆ సంస్థ దగ్గర, బండిని లెక్కతో నడపడంలో ఈ రాష్ట్రానికున్న అతి పెద్ద నైపుణ్యం ఉంది. జిల్లా కార్యాలయాల బండ్ల నిర్వహణ ఆ డిపోలకు ఎందుకు అప్పగించలేదన్నది ఈ చర్చలో ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న. సిబ్బంది కొరతతో ఉన్న డిపోల మీద ఇంకో బరువు పెట్టడం తగదన్న అభ్యంతరం ఉంటుంది, దాన్ని కొట్టిపారేయలేం. ఆ పనికి డబ్బు చెల్లిస్తే అది బరువు కాదు, రాబడి.

పటాన్‌చెరు ప్రాంతానికి ఈ పద్ధతి అమరినంతగా మారుమూల మండలాలకు అమరదు. ఫ్యాక్టరీల శాఖ, కార్మిక శాఖ, కాలుష్య మండలి, వాణిజ్య పన్నులు, ఔషధ నియంత్రణ, భూగర్భజలాలు, అందరూ తిరిగేది పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం మధ్య ఉన్న కొద్దిపాటి దూరంలోనే. ఇస్నాపూర్ దగ్గర నాలుగు బండ్లతో చిన్న షెడ్డు పెడితే చాలా శాఖల పని సాగుతుంది. నారాయణఖేడ్ వైపు అలా కాదు. సంగారెడ్డి నుంచి ఒక్క వైపే డెబ్బై కిలోమీటర్లకు పైన. పొద్దున బయల్దేరిన బండి సాయంత్రానికి గానీ రాదు, ఇంకొకరికి పంచడానికి ఆ రోజు మిగలదు.

పదిహేనేళ్ల గీత

కేంద్రం 2021 ఆగస్టులో ప్రారంభించిన తుక్కు విధానం, 2023 జనవరి నోటిఫికేషన్‌తో ప్రభుత్వ వాహనాలకు తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ కొనసాగదు, వాటిని నమోదైన తుక్కు కేంద్రాలకు పంపాలి. కార్పొరేషన్లు, మునిసిపాలిటీలు, రవాణా సంస్థలు అన్నిటికీ ఇదే. పాత బండి ఎక్కువ తాగుతుంది, ఎక్కువ పొగ వదులుతుంది, మరమ్మతుకు ఎక్కువ తింటుంది కాబట్టి ఇందులో లాభమేనన్నది సమర్థకుల లెక్క. చాలా బండ్ల విషయంలో ఆ లెక్క సరైనదే.

అయితే వయసుతో కొలిచినప్పుడు తప్పిపోయే బండి ఒకటుంది. అగ్నిమాపక శకటం పదిహేనేళ్లలో తిరిగే దూరం తక్కువ. ఎక్కువ కాలం అది షెడ్డులోనే సిద్ధంగా నిలబడి ఉంటుంది, దాని ఉద్యోగమే అది. దేశ రక్షణ, శాంతిభద్రతలు, అంతర్గత భద్రత కోసం వాడే ప్రత్యేక వాహనాలకు నోటిఫికేషన్ మినహాయింపు ఇచ్చింది. అగ్నిమాపక వాహనాల పేరు అందులో విడిగా లేదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు తర్వాత ఈ ప్రాంతంలో ఫైరింజన్‌ను కిలోమీటరు ఖర్చుతో కొలవాలని ఎవరూ అనలేరు. పాత శకటాన్ని తీసేస్తే కొత్తది అదే వారం రావాలి. తీసేయడానికి గడువు ఉండి, ఇవ్వడానికి గడువు లేకపోవడమే ఈ నిబంధనలో లోపం.

కరెంటు బండి లెక్క

నాలుగో వర్గం అన్నిటికీ మందు విద్యుత్ వాహనమంటుంది. తెలంగాణ 2020 అక్టోబరులో విద్యుత్ వాహనాల విధానం తెచ్చింది. 2024 నవంబరులో 41వ నంబరు జీవో ద్వారా 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. కంది దగ్గర హైదరాబాద్ ఐఐటీలో డ్రైవరు లేని వాహనాల ప్రయోగశాల 2022 నుంచి నడుస్తోంది. జిల్లా భవిష్యత్తు ఆ వైపే ఉందనడానికి ఆధారాలు తక్కువేమీ కావు.

గతం మాత్రం జాగ్రత్త చెబుతోంది. కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ 2017లో ప్రభుత్వ శాఖల కోసం 10,000 విద్యుత్ కార్లకు టెండరు పిలిచింది. టాటా మోటార్స్ గెలిచింది. 2018కల్లా ఢిల్లీలో అధికారులు ఒక చార్జికి 80 కిలోమీటర్ల దరిదాపే పోతోందని విసుక్కోవడం వార్తలకెక్కింది. ఆ శ్రేణి బండి సంగారెడ్డి నుంచి నారాయణఖేడ్ వెళ్లగలదు, తిరిగి రాలేదు. ఇప్పటి కార్ల బ్యాటరీలు చాలా మెరుగు. ఆ అభ్యంతరం సగానికి పైగా తీరినట్టే.

తీరనిది వేరే ఉంది. డీజిల్ బండికి పై లెక్క ప్రకారం కిలోమీటరుకు దాదాపు 6.40 రూపాయల ఇంధనం. విద్యుత్ కారు యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు పోతుందనీ, యూనిట్ తొమ్మిది రూపాయలనీ అనుకుంటే కిలోమీటరుకు రూపాయిన్నర. ఆదా కిలోమీటరుకు 4.90. కరెంటు కారుకు నాలుగు లక్షలు అదనంగా పెట్టాల్సి వస్తే, నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగే బండి ఆ డబ్బును మూడున్నరేళ్లలో తిరిగి తెస్తుంది. నెలకు 500 కిలోమీటర్లే తిరిగే బండికి పదమూడేళ్లు దాటుతుంది, ఆలోగా బ్యాటరీ అరుగుతుంది. జిల్లాలు చిన్నవై బండ్లు తక్కువ తిరుగుతున్న చోట, ఒక్కో అధికారికి ఒక్కో కరెంటు కారు ఇస్తే గాలికి మేలేగానీ ఖజానాకు కాదు. ఉమ్మడి షెడ్డులో రోజంతా తిరిగే బండ్లు కరెంటువైతే రెండింటికీ మేలు. కరెంటు వర్గం, షెడ్డు వర్గం ఒకరి మాట ఒకరు వినకుండా విడిగా వాదించడం అందుకే బాధ కలిగిస్తుంది.

ఇంకో చిన్న లెక్క ఎవరూ వేయరు. తెలంగాణలో డీజిల్ మీద 27 శాతం వ్యాట్ ఉంది, లీటరు ధరలో దాదాపు 20 రూపాయలు. జిల్లా కార్యాలయం లీటరు డీజిల్ ఆదా చేస్తే పై ధర ప్రకారం 95.65 మిగిలినట్టు రాసుకుంటుంది. అందులో ఇరవై ఎలాగూ రాష్ట్ర ఖజానాకే తిరిగొచ్చేది. ఆదా ఉంది, అంకెల్లో చూపినంత లేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

సొంత బండికి బలం అత్యవసర సేవల్లో. పోలీసు, అగ్నిమాపక, రాత్రి తనిఖీల్లో దానికి పోటీ లేదు. కార్యాలయానికీ సమావేశానికీ మధ్య తిరిగే కారుగా అది అన్నిటికన్నా ఖరీదు. కిరాయి బండి మారుమూల మండలాలకు, దూరాలకు బాగా పనికొస్తుంది, గిట్టుబాటు రేటు, నెల దాటని చెల్లింపు ఉంటేనే. ఉమ్మడి షెడ్డు ఫ్యాక్టరీలు చిక్కగా ఉన్న చోట, జిల్లా కేంద్రంలో మిగతా అన్నిటికంటే మేలు. దానికి కావలసింది డబ్బు కంటే ముందు, నా బండి అన్న మాట వదులుకునే మనసు. కరెంటు బండి ఎక్కువ తిరిగే చోట లాభం, తక్కువ తిరిగే చోట అలంకారం. తుక్కు నిబంధన వల్ల కార్యాలయాల ఆవరణలు ఖాళీ అవుతాయి. ఖాళీ అయిన చోటులోకి ఏమొస్తుందో అది చెప్పదు.

అసలు బండే అవసరం లేని ప్రయాణాలు ఎన్ని అన్న ప్రశ్న కూడా ఉంది. సంగారెడ్డి, హైదరాబాద్ మధ్య బస్సులు తరచుగా తిరుగుతాయి. రాజధానిలో సమావేశానికి జిల్లా అధికారులు విడివిడిగా కార్లలో వెళ్లడం, కరోనా కాలంలో అలవాటైన వీడియో సమావేశాల తర్వాత కూడా తగ్గకపోవడం గురించి ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడాలి.

ఇంకా తేలనివి

మొదటిది లాగ్‌బుక్. ఇవాళ్టికీ కిరాయి బండి తిరిగిన దూరానికి సాక్ష్యం చేతిరాత పుస్తకమే. అదే బండి కంకోల్ టోల్ గేటు దాటితే ఫాస్టాగ్‌లో తేదీ, గంటతో సహా నమోదవుతుంది. ఆ నమోదును బిల్లుతో పోల్చి చూసే పని ట్రెజరీదా, శాఖదా, ఆడిట్‌దా అన్నది తేలలేదు. రాష్ట్రం చాలాకాలం జాతీయ వాహన్ పోర్టల్‌కు బయటే ఉండి, 2024లో గానీ చేరడానికి సిద్ధపడలేదు. ఏ శాఖ పేరున ఎన్ని బండ్లు ఉన్నాయో ఒక్క మీట నొక్కితే తేలే రోజు దగ్గరపడింది, ఆ వివరాలు జనం ముందు పెడతారా అన్నది వేరే ప్రశ్న.

రెండోది ఎప్పుడు తీసేయాలన్న కొలత. తేలికపాటి వాహనాలకు కేంద్రం పాత నిబంధన ఒకటిన్నర లక్షల కిలోమీటర్లు, ఆరున్నరేళ్లు. ఏది ఆలస్యమైతే అది. కొత్త నిబంధన పదిహేనేళ్లు. ఈ రెండింటి మధ్య, మరమ్మతు ఖర్చు బండి విలువను మించే ఏడాది ఒకటి ఉంటుంది. ఆ ఏడాది ఏదో చెప్పాలంటే ప్రతి బండికీ మొదటి రోజు నుంచి పుస్తకం ఉండాలి.

మూడోది అన్నిటికన్నా తక్కువగా వినిపించేది. పొదుపు ఉత్తర్వు వచ్చినప్పుడల్లా ముందు ఆగేది కింది స్థాయి తనిఖీ అధికారి బండి. పై అధికారి కారు ఆగదు. బండి ఆగిన ఇన్‌స్పెక్టరు మందుల ఫ్యాక్టరీకి ఎలా వెళ్తాడు? వెళ్లడు, లేదా తనిఖీ చేయాల్సిన కంపెనీయే కారు పంపుతుంది. పారిశ్రామిక వాడలో ఒక కిరాయి బండికి నెలకు 33 వేలు ఆదా అయితే, ఆ నెలలో జరగకుండా పోయిన తనిఖీల విలువ ఎంత అన్న లెక్క ఏ పద్దులోనూ రాయరు. పాశమైలారంలో, బొల్లారంలో షిఫ్టు దిగి ఇంటికి నడిచే కార్మికులకు ఆ లెక్కతోనే పని.